నడక వేగం తగ్గడం, మతిమరుపు: ఇంట్లో ఎలా కొలవాలి, ఎప్పుడు పట్టించుకోవాలి?

గుంటూరు_సంరక్షణ:
పెద్దవాళ్ళ నడక నెమ్మదిస్తే డిమెన్షియా (రోజువారీ పనులకు అడ్డొచ్చేంత మతిమరుపు జబ్బు) రాబోతున్నట్టే అని వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. ఇందులో నిజమెంత? ఇంట్లో కొలిచే పద్ధతి తెలిసినవాళ్ళు లెక్కలతో సహా చెప్పండి. ‘వయసైపోయింది కదా’ అని తేల్చేయొద్దండి, దయచేసి.

న్యూరో_ఫిజియో:
నిజం ఉంది గానీ తిరుగుతున్నది సగం మాటే. 2013లో న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలలో జో వర్గీస్ బృందం నడక నెమ్మదించడం, జ్ఞాపకం తగ్గడం కలిసి ఉండే స్థితికి ‘మోటరిక్ కాగ్నిటివ్ రిస్క్’ అని పేరు పెట్టింది. నడక ఒక్కటే నెమ్మదిస్తే సరిపోదు. తన ఈడువాళ్ళ సగటు కన్నా బాగా తక్కువ వేగం ఉండాలి, దాంతోపాటు జ్ఞాపకం తగ్గిందని మనిషే చెప్పుకోవాలి. అప్పటికే డిమెన్షియా ఉన్నవాళ్ళు, సాయం లేకుండా నడవలేనివాళ్ళు ఈ లెక్కలోకి రారు. 2014లో 17 దేశాల నుంచి 26,802 మంది వివరాలు కలిపి చూస్తే దాదాపు పదిమందిలో ఒకరికి ఈ స్థితి కనబడింది. మన దేశంలోనూ కోళికోడ్‌లో వర్గీస్ బృందం దీని మీద అధ్యయనం చేసింది.

కారణం ఏమిటంటే, నడక కాళ్ళ పని మాత్రమే కాదు. ఎక్కడ అడుగు వేయాలి, ఎప్పుడు తిరగాలి అని చూసుకునేది మెదడు ముందుభాగం. ఏళ్ళ తరబడి బీపీ, షుగరు అదుపులో లేకపోతే మెదడు లోపలి సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి. ఆ నాళాల రక్తంతో బతికే నరాల దారుల మీదే నడకతోపాటు ఏకాగ్రత, ఆలోచన వేగం కూడా ఆధారపడతాయి. అందుకే రెండూ కలిసి తగ్గుతాయి.

కొలతల_సుబ్బు:
కొలిచే పద్ధతి: 8 మీటర్ల ఖాళీ వరండా చూసుకోండి. మొదటి 2 మీటర్లు వదిలి ఒక టేపు ముక్క, అక్కడి నుంచి 4 మీటర్ల దగ్గర ఇంకొకటి నేలకు అంటించండి. చివరి 2 మీటర్లు మళ్ళీ వదిలేయాలి. ఎందుకంటే బయల్దేరేటప్పుడు వేగం పుంజుకోవాలి, గీత కనబడగానే ముందే నెమ్మదిస్తారు. మొదటి గీత మీద కాలు పడగానే స్టాప్‌వాచ్ నొక్కి, రెండో గీత దాటగానే ఆపండి. మూడుసార్లు కొలిచి సగటు తీయండి. 4 మీటర్లకు 4 సెకన్లు పడితే సెకనుకు 1 మీటరు. 5 సెకన్లయితే 0.8.

టైల్స్ లెక్కపెట్టి సరిపెట్టకండి. 2 అడుగుల టైల్స్ ఏడు పేర్చితే 4.2 మీటర్ల పైనే అవుతుంది. ఇంత చిన్న దూరంలో అర సెకను తేడా కూడా పెద్దదే: 4 సెకన్లు 4.5 అయితే వేగం 1 నుంచి 0.89కి పడిపోతుంది.

వృద్ధ_సేవా_నర్సు:
సుబ్బు గారు చెప్పిన దానికి ఇంకొంచెం. ‘గబగబా నడవండి’ అనకూడదు, ‘వీధి చివర కొట్టుకు వెళ్ళినట్టే నడవండి’ అనాలి. పరీక్ష అని తెలిస్తే మొదటిసారి హుషారుగా నడిచేస్తారు. పక్కన నడిస్తే మన వేగం వాళ్ళకు అంటుకుంటుంది, అందుకే అర అడుగు వెనక నడవండి. హవాయి చెప్పులు వద్దు, రోజూ వేసుకునే గట్టి చెప్పులే ఉండాలి. చీర కుచ్చిళ్ళు, పంచె అంచు కాళ్ళకు తగలకుండా చూడండి. కూర్చున్నవాళ్ళను లేపిన వెంటనే నడిపించకండి, లేచి నిలబడినప్పుడు బీపీ పడిపోయి తూలుతారు. ఒక నిమిషం నిలబడనివ్వండి. కర్ర వాడేవాళ్ళు కర్రతోనే నడవాలి, ఆ సంగతి రాసి పెట్టుకోండి.

న్యూరో_ఫిజియో:
ఇక అసలు కీలకం: మాట్లాడుతూ నడవడం. మొదట మామూలుగా, తర్వాత జంతువుల పేర్లు పైకి చెబుతూ నడిపించండి. చదువుకున్నవాళ్ళైతే 100 నుంచి ఏడేసి తగ్గిస్తూ చెప్పమనండి. మామూలు వేగంలోంచి రెండోది తీసేసి, మామూలు వేగంతో భాగించి, 100తో గుణించండి. 0.90 నుంచి 0.70కి దిగితే తగ్గుదల 22 శాతం. కెనడాలో మోంటెరో-ఒడాస్సో బృందం 2017లో ప్రచురించిన అధ్యయనంలో, స్వల్ప మతిమరుపు ఉన్నవాళ్ళలో ఈ తగ్గుదల 20 శాతం దాటినవారికి డిమెన్షియా ముప్పు ఎక్కువగా తేలింది. పడిపోయే ముప్పును కూడా ఇది చెబుతుంది. అందుకే ఈ పరీక్ష చేసేటప్పుడు చేయందేంత దగ్గరలో ఉండండి.

కడప_పాఠకురాలు:
మోకాళ్ళు అరిగినవాళ్ళ సంగతేంటండీ? వాళ్ళంతా నెమ్మదిగానే నడుస్తారు కదా.

వృద్ధ_సేవా_నర్సు:
మంచి ప్రశ్న అమ్మా. ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు. మోకాలి నొప్పి, శుక్లాలు, షుగరు వల్ల అరికాళ్ళ తిమ్మిరి, బి12 లోపం, థైరాయిడ్ హార్మోను తగ్గడం, ఇవన్నీ నడకను నెమ్మది చేస్తాయి. నిద్రమాత్రలు, మత్తెక్కించే పాతరకం అలర్జీ మాత్రలు నడకను, జ్ఞాపకాన్ని రెంటినీ దెబ్బతీస్తాయి. కాబట్టి ముందు మందుల సంచీ మొత్తం డాక్టరు ముందు పెట్టండి. సొంతంగా మాత్రలు ఆపకండి, నిద్రమాత్రలైతే అసలే వద్దు. పార్కిన్సన్స్ మందు వాడుతుంటే వేసుకున్న గంటను బట్టి నడక మారుతుంది, కొలత ప్రతిసారీ ఒకే సమయానికి తీసుకోవాలి.

న్యూరో_ఫిజియో:
ఇంకొకటి గట్టిగా చెప్పాలి. పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు జరుగుతూ నడవడం, మూత్రం ఆపుకోలేకపోవడం, మతిమరుపు, ఈ మూడూ కలిసి కనబడితే ఆలస్యం చేయొద్దు, న్యూరాలజిస్టును కలవండి. మెదడు గదుల్లో నీరు చేరడం వల్ల కూడా ఇలా అవుతుంది. ఆ నీటిని గొట్టం పెట్టి దారి మళ్ళించే ఆపరేషన్ ఉంది, సమయానికి చేస్తే నడక బాగుపడే అవకాశం ఎక్కువ. ఉన్నట్టుండి ఒకవైపు కాలు ఈడ్చినా, మాట తడబడినా అది స్ట్రోక్ అనుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అప్పుడు టేపు, స్టాప్‌వాచ్ పక్కన పెట్టేయండి.

గుంటూరు_సంరక్షణ:
ఎన్నాళ్ళకోసారి కొలవాలి? ఎంత తగ్గితే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి?

కొలతల_సుబ్బు:
మూడు నెలలకోసారి చాలు. అదే వరండా, అవే చెప్పులు, అదే వేళ. వేగం సెకనుకు 0.05 మీటరు అటూఇటూ అయితే కొలతలో తేడాయే కావచ్చు. 0.1 తగ్గితే పట్టించుకోవాలి. జ్వరం వచ్చి తగ్గిన వారంలోనో, ఆసుపత్రి నుంచి వచ్చిన వెంటనేనో తీసిన కొలతను పోలికకు వాడకండి. ఫోన్‌లోని అడుగుల లెక్కను నమ్మకండి, నెమ్మదిగా ఈడ్చే అడుగులు చాలావాటికి అందవు.

న్యూరో_ఫిజియో:
ఒక్క అంకెను చూసి భయపడొద్దు. ఆస్ట్రేలియా, అమెరికాల్లో దాదాపు 17 వేల మందిని కొన్నేళ్ళపాటు గమనించి 2022లో ప్రచురించిన పరిశోధనలో, నడక ఒక్కటే తగ్గినవాళ్ళకన్నా, జ్ఞాపకం ఒక్కటే తగ్గినవాళ్ళకన్నా, రెండూ కలిసి తగ్గుతూ వచ్చినవాళ్ళకే డిమెన్షియా ముప్పు ఎక్కువని తేలింది. అందుకే తేదీలు వేసి వేగం రాసుకోండి, పక్కనే మరచిపోతున్న పనులూ రాయండి: పొయ్యి ఆర్పడం మరవడం, మాత్ర రెండుసార్లు వేసుకోవడం, తెలిసిన దారి తప్పడం. డాక్టరుకు ఆ కాగితం ఇస్తే సగం పని అయినట్టే. నంబరు పెంచాలని మాత్రం పెద్దవాళ్ళను తొందరపెట్టి నడిపించకండి, పడిపోతారు. కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేచి కూర్చోవడం ఐదుసార్ల చొప్పున, పక్కన మనిషి ఉండగా, మొదలుపెట్టించండి.