కరెంటు పోయి వచ్చాక రౌటర్ పెన్‌డ్రైవ్‌ను పట్టించుకోవడం లేదు

మాది పర్లాకిమిడి. ఇంటి రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 22.03 (రౌటర్ల కోసం లినక్స్ ఆధారిత సాఫ్ట్‌వేర్) వేశాను. ఫ్లాష్, అంటే రౌటర్ సొంత మెమరీ, 16 ఎంబీయే కావడంతో ప్రకటనలు ఆపే ప్యాకేజీకీ, దాని జాబితాలకీ చోటు చాల్లేదు. అందుకని 8 జీబీ పెన్‌డ్రైవ్‌ను ఈఎక్స్‌టీ4గా (లినక్స్ ఫైల్‌సిస్టమ్) ఫార్మాట్ చేసి ఎక్స్‌ట్రూట్ పెట్టాను, అంటే ప్యాకేజీలు, సెట్టింగులు ఫ్లాష్‌కు బదులు పెన్‌డ్రైవ్‌లో ఉండేలా చేశాను.

రీబూట్ కమాండ్ ఇస్తే ఎన్నిసార్లయినా సరిగ్గానే లేస్తుంది, ఓవర్‌లేలో (మనం వేసే ప్యాకేజీలు, సెట్టింగులు ఉండే భాగం) 7 జీబీ చూపిస్తుంది. కరెంటు పోయి వస్తే మాత్రం పాత ఫ్లాష్‌తోనే లేస్తోంది. నేను వేసిన ప్యాకేజీలేవీ కనిపించవు. వైఫై నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఇంట్లో ఎవరూ గమనించరు, పిల్లల ఫోన్లలో ప్రకటనలు మళ్లీ మొదలైతేనే నాకు తెలుస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్‌తో (కంప్యూటర్ నుంచి కమాండ్లు ఇచ్చే దారి) రౌటర్‌లోకి వెళ్లి మరోసారి రీబూట్ చేస్తే మామూలే. ఈ వానల్లో కరెంటు రోజుకు మూడు నాలుగు సార్లు పోతోంది, ప్రతిసారీ ఇదే పని.

పెన్‌డ్రైవ్ మార్చి చూశాను, అయినా అదే తీరు. సెట్టింగులో ఇచ్చిన యూయూఐడీ (పెన్‌డ్రైవ్ గుర్తింపు సంఖ్య) సరిపోయింది. ఫైల్‌సిస్టమ్ తనిఖీలో తప్పులేమీ లేవు. కరెంటు వచ్చాక లేచినప్పటి లాగ్ చూస్తే, ఓవర్‌లే మౌంట్ అయిపోయిన 6 సెకన్లకు గానీ పెన్‌డ్రైవ్ కనిపించడం లేదు. అందుకే ఎఫ్‌స్టాబ్‌లో (ఏ డ్రైవ్ ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఫైల్) 'డిలే రూట్' విలువ, అంటే పెన్‌డ్రైవ్ కోసం ఆగే సెకన్లు, 5 నుంచి 15కి, తర్వాత 30కి పెంచాను. బూట్ సమయం ఒక్క సెకను కూడా మారలేదు! ఈ మార్పులు ఎక్స్‌ట్రూట్ పనిచేస్తున్నప్పుడే చేశాను. అంటే మారింది పెన్‌డ్రైవ్‌లోని కాపీ మాత్రమేనేమో, లేచేటప్పుడు చదివే ఫ్లాష్‌లోని కాపీ మారలేదేమో అని అనుమానం.

ఎక్స్‌ట్రూట్ నడుస్తుండగానే, ఫ్లాష్‌లో ఉన్న అసలు ఎఫ్‌స్టాబ్ ఫైల్‌ను తెరిచి మార్చడం ఎలా?