కొమ్మకు చిగురొస్తోంది, వేరు రావడం లేదు: మా దానిమ్మ చెట్టును ఎట్లా దక్కించుకోవాలి?

అనంతపురం కోడలు:

అందరికీ నమస్కారం. మా అత్తమ్మ వాళ్ల పాత ఇల్లు కళ్యాణదుర్గంలో ఉంది. ఆ ఇంటి పెరట్లో మా మామగారు నాటిన దానిమ్మ చెట్టు ఉంది. కాయ చిన్నదే, చూపుకు పెద్దగా ఆనదు. గింజ మాత్రం మెత్తన, మా మూడేళ్ల పాప కూడా నమిలి మింగేస్తుంది. ఇల్లు అమ్మేశాం. సంక్రాంతి దాటాక కొన్నవాళ్లు పడగొట్టి కొత్తగా కట్టుకుంటారు. ఇల్లు పోతున్నందుకు అత్తమ్మ ఒక్క మాట అనలేదు గానీ, చెట్టు ఊసెత్తితే లేచి లోపలికి వెళ్లిపోతుంది.

అందుకే మే నెలలో పన్నెండు కొమ్మలు తెచ్చి మిద్దె మీద కుండీల్లో గుచ్చాను. లేత పచ్చ కొమ్మలే చూసి కోశాను. మట్టి సగం, పశువుల ఎరువు సగం. ఏదో వీడియోలో చూసి ఒక్కోదాని మీద కోసిన నీళ్ల సీసా బోర్లించాను. పది రోజులకు తొమ్మిదింటికి చిగురొచ్చింది, ఇంట్లో పండగే. నెల తిరక్కుండా అన్నీ నల్లబడ్డాయి. పీకి చూస్తే మొదలు కుళ్లి మెత్తగా ఉంది, వేరు ఒక్కటీ లేదు. నీళ్లు రోజూ పోశాను కూడా. ఎక్కడ తప్పు చేశాను? ఇప్పుడు అక్టోబరు, మూడు నెలలే ఉన్నాయి. టెన్షన్‌గా ఉంది.

హిందూపురం మల్బరీ:

గ్లాసు నీళ్లలో వేసి కిటికీలో పెట్టి చూడక్కా, మనీప్లాంటు లాగా. మా వైపు మల్బరీ పుల్ల విరిచి నేలలో గుచ్చి వస్తే చాలు, అదే బతుకుతుంది. దానిమ్మ ఏం తక్కువ?

కడప నర్సరీ:

తక్కువే తమ్ముడూ. మల్బరీ, అంజూర, ద్రాక్ష గుచ్చితే వేరు పోసేస్తాయి. దానిమ్మ కూడా వస్తుంది గానీ సతాయించి వస్తుంది. జామ పుల్ల గుచ్చి కూర్చుంటే ఇంక కూర్చోవడమే. నీళ్ల గ్లాసు వద్దు.

అమ్మా, మీరు చిగురు చూసి మోసపోయారు. మాకూ మొదట్లో అంతే. కొమ్మలో దాచుకున్న తిండితోనే మొగ్గ విచ్చుకుంటుంది, దానికి వేరుతో పనిలేదు. ఆకులొచ్చాక నీళ్లు ఆవిరై పోతుంటాయి, కింద తాగే నోరు లేదు. ఆ తిండి అయ్యేలోగా వేరు దిగకపోతే కథ ముగిసినట్టే. ఇక అనంతపురం మే ఎండలో, మిద్దె మీద, సీసా మూతలో అంటే కొమ్మల్ని ఉడకబెట్టినట్టు. ఆ సీసా పద్ధతి నీడలో పెట్టినవాటికి. పైగా ఎరువు, రోజూ నీళ్లు. వేరు లేని కొమ్మకు ఎరువు తిండి కాదు, కుళ్లు.

ఈసారి డిసెంబరు మధ్యలో కోయండి. పచ్చ కొమ్మలు వద్దు. బాగా ముదిరి బూడిద రంగుకు తిరిగిన కొమ్మ, పెన్సిలు లావు, జానెడు నుంచి జానెడున్నర పొడుగు, నాలుగైదు కణుపులు ఉండాలి. కింద కోత కణుపుకు ఆనుకుని ఏటవాలుగా, పై కోత తిన్నగా కోస్తే తలకిందులుగా గుచ్చే గొడవ ఉండదు. నవ్వకండి, మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు ఒకసారి మూడు వందల పుల్లలు అట్లాగే గుచ్చాడు. ఆకులన్నీ తీసేయాలి. వేరు మందు, అంటే ఐబీఏ, 2000 నుంచి 2500 పీపీఎం (లీటరుకు అన్ని మిల్లీగ్రాములు) ద్రావణంలో మొదలు కొన్ని సెకన్లు ముంచితే చాలు. కలబంద గుజ్జు పెట్టమంటారు. నేనూ పెట్టి చూశాను, పెట్టినవాటికీ పెట్టనివాటికీ నాకైతే తేడా కనబడలేదు.

కడిగిన ఏటి ఇసుక, నానబెట్టి పిండిన కొబ్బరి పొట్టు సమంగా కలపండి. మూడొంతుల్లో రెండొంతులు లోపలికి దించాలి. నీళ్ల ట్యాంకు నీడ ఉంటే అక్కడే పెట్టండి. వేలు గుచ్చి చూసి పైన పొడిగా ఉంటేనే తడపండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కొళాయి నీళ్లే పోయండి. వేరుకు 45 నుంచి 60 రోజులు పడుతుంది. లాగి చూడొద్దు. అడుగున బొక్కలు పెట్టిన, లోపలిది బయటికి కనబడే ప్లాస్టిక్ గ్లాసుల్లో గుచ్చి, దాన్ని నల్ల కవరులో దింపండి. కవరు తీస్తే వేరు బయటికే కనబడుతుంది.

ఒక్క మాట. ఆకుల మీద నూనె మచ్చలు, కాయల మీద నల్ల మచ్చలు, పగుళ్లు ఉంటే ఆ కొమ్మలు ముట్టొద్దు. అది బ్యాక్టీరియా తెగులు, పుల్లతో పాటు మీ ఇంటికొస్తుంది.

తాడిపత్రి చీనీ తోట:

పుల్లల మీదే ఎందుకు ఆశ పెట్టుకోవడం? చెట్టు మొదట్లో పిలకలు ఉంటాయి చూడు తల్లీ. వాటి చుట్టూ ఇప్పుడే జానెడెత్తు మట్టి ఎగదోసి తడుపుతూ ఉండు. వేరు పట్టినవి వేరుతో సహా విడదీసుకోవచ్చు. మా చీనీలో, అదే బత్తాయిలో అయితే కింద పిలక పెంచితే జంబేరి నిమ్మకాయలే, ఎందుకంటే అది జంబేరి మొదలు మీద కట్టిన అంటు. మీ మామగారిది అంటు కట్టింది కాకపోతే పిలకకూ అదే కాయ.

గాలి అంటు కూడా కట్టు. అంగుళం మేర బెరడు చుట్టూతా వలిచి, తడి కొబ్బరి పొట్టు పెట్టి, పాలిథీన్ కవరు చుట్టి రెండు కొసలూ బిగించు. తల్లి చెట్టు నీళ్లు పోస్తూనే ఉంటుంది కాబట్టి కొమ్మకు ఆకలి బాధ లేదు.

అనంతపురం కోడలు:

మీ అందరికీ చెప్పాల్సింది చాలా ఉంది. ఇది ఫిబ్రవరి చివరి వారం.

గాలి అంట్లు నాలుగు కట్టాం. ఒకదాని కవరును కోతులు తినేదేమో అనుకుని చింపేశాయి. మిగిలిన మూడింటికీ వేళ్లు పట్టాయి, డిసెంబరులో కోసి తెచ్చాం. పిలకలు రెండు దక్కాయి. పుల్లలు ఇరవై గుచ్చితే ఎనిమిది నిలిచాయి. నిజానికి పది ఉండాల్సింది. నేను ఆఫీసుకు పోయినప్పుడు అత్తమ్మ రెండు పైకి లాగి చూసి మళ్లీ గుచ్చేసింది. అడిగితే, "నీకు గ్లాసులో కనబడతాయేమో, నాకు కళ్లు ఆనవు కదా" అంది.

ఇల్లు పోయిన నెలే పడగొట్టారు. కొన్నవాళ్లకు సంగతి తెలిసి, వాళ్ల కొత్త ఇంటికి ఒక మొక్క అడిగారు. అత్తమ్మ ఇంకా ఏమీ చెప్పలేదు. ఒక కుండీ మాత్రం మిగతావాటికి దూరంగా, మెట్ల దగ్గరికి జరిపి పెట్టింది.