5 రియాక్టర్లకు ఒకటే వెంట్ హెడర్, ఆరోది కలపొచ్చా?

పరవాడ_ప్రాసెస్:
మా బల్క్ డ్రగ్ ప్లాంటులో 5 గ్లాస్ లైన్డ్ రియాక్టర్ల సేఫ్టీ వాల్వులు, రప్చర్ డిస్కులు (ప్రెషర్ మించితే పగిలే రేకులు) అన్నీ ఒకే 8 అంగుళాల హెడర్‌లోకి (ఉమ్మడి వెంట్ పైపు), అక్కణ్ణుంచి స్క్రబ్బర్‌కి (గ్యాసును కడిగే టవర్) పోతాయి. వాల్వులు తెరుచుకునే సెట్ ప్రెషర్ 3 బార్. ఇప్పుడు ఆరోది కూడా కలపమంటున్నారు. హెడర్ సరిపోతుందో లేదో ఎలా చూడాలి? స్క్రబ్బర్ సంగతి, సపోర్టుల సంగతి కూడా చెప్పండి.

మెకానికల్_శీను:
టెయిల్ పైపుల (వాల్వు నుంచి హెడర్‌కి పోయే పైపులు) ఏరియాలన్నీ కూడండి, హెడర్ సైజు వచ్చేస్తుంది. మేం ఎప్పుడూ అంతే.

జుబైల్_ఫ్లేర్:
శీను గారూ, ఈ మాట కొత్తవాళ్లకు దయచేసి చెప్పకండి. ఫ్లేర్ (గ్యాసును కాల్చేసే చిమ్నీ) నెట్‌వర్కుల లెక్కలే నా ఉద్యోగం. కరెంటు పోతే ఏ వాల్వులు లేస్తాయి (తెరుచుకుంటాయి), కూలింగ్ వాటర్ ఆగితే ఏవి, ఒకచోట మంటలొస్తే ఏవి అన్నది ముందు తేల్చాలి. ఆ ఒక్కో లోడుకీ స్క్రబ్బర్ చివరి నుంచి వెనక్కి ప్రెషర్ లెక్కకట్టుకుంటూ రావాలి. మామూలు స్ప్రింగ్ వాల్వుకి 10 శాతం ఓవర్‌ప్రెషర్ దగ్గర బిల్టప్ బ్యాక్ ప్రెషర్ (వాల్వు తెరుచుకున్నాక హెడర్ వైపు నుంచి ఎదురొచ్చే ప్రెషర్) సెట్ ప్రెషర్‌లో 10 శాతం దాటకూడదు. మీకు 0.3 బార్, అంతే. ఏపీఐ 521 (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ప్రమాణం) తెరిచి చూడండి.

మెకానికల్_శీను:
రిఫైనరీ వేరు, ఫార్మా వేరు సార్. ఇక్కడ అంత డేటా ఎవరిస్తారు? మా హెడర్లు ఏళ్లుగా బాగానే నడుస్తున్నాయి.

జీడిమెట్ల_షిఫ్ట్:
బాగానేనా అన్నా? నేను ఇదివరకు చేసిన చోట ఒక రియాక్టర్ డిస్క్ పగిలితే, మ్యాన్‌హోల్ తెరిచి ఛార్జింగ్ చేస్తున్న పక్క రియాక్టర్లోంచి ఆవిరి తన్నుకొచ్చింది. హెల్పర్ కళ్లు మండిపోయి ఆసుపత్రికి పరిగెత్తాం. హెడర్లో ప్రెషర్ లేస్తే ఎవరి మీదికి పోతుందో ఒక్కరూ చూడరు.

కెమ్_సుధ:
అసలు అందులో ఏ గ్యాసులు కలుస్తున్నాయి? ఒకదాంట్లో హెచ్‌సీఎల్, ఇంకోదాంట్లో అమోనియా ఉంటే పైపులోనే అమోనియం క్లోరైడ్ పేరుకుంటుంది. లెక్క 8 అంగుళాలకు, దారి సగానికి.

మెకానికల్_శీను:
స్క్రబ్బర్లో నీళ్లు తిరుగుతుంటాయి కదా మేడమ్, కరిగిపోతుంది.

కెమ్_సుధ:
స్క్రబ్బర్‌కి చేరకముందే పేరుకుంటుందని చెబుతున్నాను! ఆ పైపులో నీళ్లెక్కడివి? విప్పి తెల్లగడ్డలు గోకించినదాన్ని నేను.

పాశమైలారం_పైపింగ్:
వాలు గురించి ఎవరూ మాట్లాడరేం? హెడర్ మధ్యలో ఎక్కడ కిందికి దిగినా సాల్వెంట్ నిలిచిపోతుంది. నాకౌట్ డ్రమ్ (గ్యాసులోని ద్రవాన్ని పట్టే డ్రమ్) వైపే వాలు ఉండాలి, బ్రాంచీలు పైనుంచే కలవాలి.

జుబైల్_ఫ్లేర్:
సుధ గారు చెప్పింది నిజం. ఇంకోటి, రియాక్షన్ రన్‌అవే అయితే (వేడి అదుపు తప్పితే) నురగతో ద్రవం కూడా పొంగుకొస్తుంది. ఉత్త ఆవిరి లెక్క అక్కడ పనికిరాదు, స్క్రబ్బర్ ముందు క్యాచ్ ట్యాంకు ఉండాలి. 1984లో భోపాల్‌లో వాల్వు లేచింది, హెడర్ గ్యాసును మోసింది. అంత ప్రవాహానికి స్క్రబ్బర్ చాలలేదు, ఫ్లేర్ లైను విప్పేసి ఉంది.

పరవాడ_ప్రాసెస్:
మా దగ్గర రియాక్షన్ క్యాలరీమెట్రీ (రియాక్షన్‌లో ఎంత వేడి పుడుతుందో కొలిచే పరీక్ష) డేటా లేదు. హైదరాబాద్‌లో ఎవరు చేస్తారు?

జీడిమెట్ల_షిఫ్ట్:
అది వచ్చేదాకా ఆరోది కలపకండి బ్రదర్. విడిగా వెంట్ పెట్టించండి.

పాశమైలారం_పైపింగ్:
విడిగా అంటే ఎక్కడికి? షెడ్డు మీద కూలింగ్ టవర్ దగ్గర మనుషులు తిరుగుతుంటారు. లేఅవుట్ పెట్టమనండి ముందు.