ఆలస్యంగా చేరిన ఎంబీబీఎస్ విద్యార్థికి హాజరు లెక్క

ప్రశ్న (హనుమకొండ నుంచి ఒక తండ్రి):
మా అమ్మాయికి చివరి విడత కౌన్సెలింగ్‌లో సీటు వచ్చింది. అప్పటికే తరగతులు మొదలై కొన్ని వారాలు గడిచినందున, హాజరు చాలక మొదటి సంవత్సరం పరీక్షకు అనుమతించరేమోనని ఆందోళనగా ఉంది. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (సీనియర్ విద్యార్థిని):
నమస్కారమండీ. జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం ప్రతి సబ్జెక్టులోనూ థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం హాజరు ఉండాలి; ఈ రెండింటినీ విడివిడిగా చూస్తారు కనుక, ఒకదానిలోని మిగులు మరొకదానిలోని లోటును పూడ్చదు. డిసెక్షన్ (మృతదేహాన్ని కోసి శరీర నిర్మాణం నేర్చుకునే) తరగతులను మాత్రం అసలు మానవద్దని చెల్లికి చెప్పండి.

జవాబు (వరంగల్ నుంచి ఒక తల్లి):
హాజరును ఏ తేదీ నుంచి లెక్కిస్తారో ప్రిన్సిపాల్ గారికి దరఖాస్తు పెట్టి, సమాధానం రాతపూర్వకంగానే తీసుకోండి అన్నగారూ.

ప్రశ్నించినవారు:
సోమవారమే దరఖాస్తు ఇస్తాను. ఇద్దరికీ కృతజ్ఞతలు.