బాపు పద్మిని కారుకు జిప్సీ ఇంజిన్ పెట్టాలా, ఉన్నదే బాగుచేసుకోవాలా?

కాజీపేట షెడ్డు

అందరికీ నమస్తే. మాది కాజీపేట. డీజిల్ లోకో షెడ్‌లో ఫిట్టర్‌ని. రోజూ 3100 హార్స్ పవర్ ఇంజిన్ల కింద దూరి పనిచేస్తా గానీ, ఇంటి రేకుల కింద ఉన్న 40 హార్స్ పవర్ బండి దగ్గరికి వచ్చేసరికి దిమాక్ పనిచేయడం లేదు.

బండి ప్రీమియర్ పద్మిని, 1991, ఏపీ 36 నంబరు. పెట్రోలు, 1089 సీసీ, స్టీరింగ్ పక్కన గేరు. మా బాపు (నాన్న) కొత్తది కొన్నాడు. ఆయన పోయి ఆరేళ్లయింది. టింకరింగ్, పెయింటింగ్ అయిపోయాయి (నెలలో ఇస్తామని పదకొండు నెలలు పెట్టుకున్నారు, అదో పెద్ద కథ). ఇప్పుడు లోపలి పని మిగిలింది.

ఎత్తు ఎక్కే దగ్గర లాగడం లేదు. కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) చూస్తే మూడు సిలిండర్లు 120 దగ్గర ఉన్నాయి, మూడో నంబరుది మాత్రం 75. మొన్న మే నెలలో అమ్మను తీసుకుని యాదగిరిగుట్ట పోతుంటే పెంబర్తి దాటాక వేడి ముల్లు పైకి ఎక్కింది. చెట్టు కింద ఆపి, ఫ్యూయల్ పంపు మీద తడి గుడ్డ వేసుకుని అరగంట కూర్చున్నాం. వెనక కమాన్లు (పట్టీల స్ప్రింగులు) కుంగాయి. స్టీరింగ్‌లో ప్లే బాగా ఉంది.

ఆటోనగర్‌లో ఒకాయన మారుతి జిప్సీ ఇంజిన్ వేయమంటాడు, ఇంకొకాయన మారుతి ఈకో వ్యానుది చాలంటాడు. మా మేనల్లుడేమో ముందు స్ప్రింగులు ఒక చుట్టు కోయిస్తే బండి కిందికి కూర్చుని స్టైల్‌గా ఉంటదంటున్నాడు. నా దగ్గర ఉన్నది 2 లక్షలు. నాకు రేసులొద్దు. అమ్మను గుట్టకు, మేడారానికి, అప్పుడప్పుడు హైదరాబాద్‌కు టెన్షన్ లేకుండా తీసుకుపోతే చాలు. ఏం చేయమంటారు?

ఉప్పల్ స్పీడు

జిప్సీయే అన్నా, ఆలోచించకు. 1298 సీసీ, 16 వాల్వులు, 80 హార్స్ పవర్, అయిదు గేర్లు. ఇంజిన్ నిలువుగానే ఉంటుంది కాబట్టి పద్మిని బానెట్ కింద పడుతుంది. ట్రాన్స్‌ఫర్ కేసు (నాలుగు చక్రాలకూ శక్తి పంచే పెట్టె) గేర్ బాక్సుకు అంటుకోకుండా వేరుగా ఉంటుంది, దాన్ని వదిలేసి ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనక చక్రాలను తిప్పే పొడవాటి గొట్టం) నేరుగా వెనక్కి ఇవ్వొచ్చు. ఏసీ కూడా పెట్టుకోవచ్చు. స్విఫ్ట్ ఇంజిన్ జోలికి మాత్రం పోకు, అది అడ్డంగా కూర్చుని ముందు చక్రాలు తిప్పేది.

లేత్ కరీంనగర్

తమ్మీ, పై తమ్ముడు చెప్పిన లెక్కలో తప్పు లేదు. నేను ఆ పని చేసినవాణ్ణే. నాకు లేత్ షాపు ఉంది, మౌంటింగులు నేనే చేసుకున్నా, కూలి డబ్బులు మిగిలాయి. అయినా చెప్తున్నా, విను.

ఇంజిన్ కూర్చోవడం ఒక రోజు పని. దాని చుట్టూ ఉన్నది ఏడు నెలలు. సంపు (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి) కింద క్రాస్ మెంబరుకు (అడ్డ దూలానికి) తగిలింది, కోసి మళ్లీ వెల్డింగ్ చేయించా. ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు సరిచేశా గానీ బ్యాలెన్స్ సరిగా రాక 70 దగ్గర బండంతా వణికేది, రెండుసార్లు విప్పా. క్లచ్ లింకేజీ మార్చాలి. స్టీరింగ్ పక్క గేరు పోయి ఫ్లోర్‌లో రంధ్రం పడాలి. ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ లేకుండా కంప్యూటర్‌తో పెట్రోలు చిమ్మేది) కాబట్టి ట్యాంకులో కరెంటు పంపు, ఈసీయూ అనే ఆ కంప్యూటర్, మొత్తం వైరింగ్ రావాలి. పాత స్క్రాప్‌లో వైరింగ్ కోసేసి అమ్ముతారు, అది కొంటే నీ గతి అంతే. ఈకోది కూడా వెనక చక్రాల బండే, 1196 సీసీ, కాని అది సీటు కింద కూర్చోవడానికి చేసిన ఇంజిన్. సంపు, గేరు రాడ్లు అన్నీ ఆ చోటుకు తగ్గట్టుంటాయి. నాకు 60 వేలు అని మొదలైన లెక్క లక్షా డెబ్బై దగ్గర ఆగింది, అదీ నా కూలి వేసుకోకుండా.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. అన్నీ అయ్యాక రాజీవ్ రహదారి మీద సిద్దిపేట వైపు పోతున్నా. కాలు పెడితే 100. ఎదురుగా బర్రెల మంద. మొదటి బ్రేకు పట్టింది, రెండోసారికి పెడల్ కిందికి పోయింది. నాలుగు చక్రాలకూ అవే పాత డ్రమ్ము బ్రేకులు కదా! ఆఖరు బర్రె తోక బంపర్‌కు తగిలి బండి ఆగింది. బర్రె వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపు ఇంకా యాదికుంది.

అందుకే నిన్ను మొదట అడిగేది ఇంజిన్ గురించి కాదు. బ్రేకులు ఎట్లున్నాయి? మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ను చక్రాలకు నెట్టేది) సింగిలా, డబులా? వీల్ సిలిండర్లు కొత్తవి వేసి, డ్రమ్ములు లేత్ మీద తిప్పించి, హోస్ పైపులన్నీ మార్చు. ముందు డిస్కులు పెట్టాలనుకుంటే పెట్టుకో. కాని పాత డ్రమ్ముల మాస్టర్ సిలిండర్ అట్లాగే ఉంచి డిస్కులు వేయకు. డ్రమ్ముల కోసం లైన్‌లో కొంచెం ప్రెషర్ నిలిపే వాల్వు ఉంటుంది, దాంతో డిస్కులు ఎప్పుడూ రాసుకుంటూ కాలిపోతాయి. కేలిపర్ (డిస్కును పట్టి ఆపే భాగం) బ్రాకెట్ ఎవరో గ్యాస్ కట్టర్‌తో కోసింది తేవద్దు.

స్టీరింగ్ ప్లే అన్నావు. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు. ఊగితే ఎవరినైనా బ్రేకు తొక్కమను. ఊగడం ఆగిపోతే బేరింగు, ఆగకపోతే కింగ్ పిన్ (ముందు చక్రం పక్కలకు తిరిగే ఇరుసు). కింగ్ పిన్ సెట్టు ఇప్పటికీ దొరుకుతుంది, బుష్‌లకు రీమర్ కొట్టించాలి, సుత్తితో దిగ్గొట్టేవాడి దగ్గరికి పోకు. స్ప్రింగు కోయడం మాత్రం వద్దే వద్దు. కోస్తే బండి దిగడమే కాదు, స్ప్రింగు గట్టిపడుతుంది, విష్‌బోన్ (చక్రాన్ని పట్టుకునే చేయి) కోణం మారి టైర్లు ఒక పక్కే అరుగుతాయి. మేనల్లుడికి స్టైల్ కావాలంటే మంచి హెయిర్ కటింగ్ చేయించు. వెనక కమాన్లు విప్పి, కుంగిన పట్టీలకు మళ్లీ వంపు ఇప్పించి, షాకిల్ బుష్‌లు కొత్తవి వెయ్యి. గ్యాస్ షాకప్‌లు కొంటే ముందు పాతదాన్ని పూర్తిగా మూసి, పూర్తిగా చాచి రెండు కొలతలూ తీసుకుపో. చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి, అంగుళం పొట్టిదైతే గుంతల్లో అదే ఆగిపోయి మౌంటింగ్ విరుగుతుంది.

ఇక ఆ 75 సంగతి. ప్లగ్గు తీసిన రంధ్రంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలువు. పెరిగితే రింగులు. పెరగకపోతే వాల్వో, గాస్కెట్టో. ఇది చూడకుండా ఇంజిన్ మార్చేస్తానంటే, నీ షెడ్డులో లోకో పొగ వదిలితే రైలే మార్చేసినట్టు.

118 భక్తుడు

లేత్ అన్న మాటే నా మాట, ఒక్క చేర్పు. మార్చాలనే ఉంటే ప్రీమియర్ వాళ్ల 118 ఎన్ఈలో వచ్చిన నిస్సాన్ ఏ12 చూడండి. 1171 సీసీ, 50కి కాస్త పైన హార్స్ పవర్, కార్బురేటర్, ఫ్లోర్ గేరు. కంప్యూటర్ పని లేదు, 80 హార్స్ పవర్ అంత ఎక్కువా కాదు కాబట్టి వెనక యాక్సిల్ మీద భారం పడదు. విజయవాడ ఆటోనగర్‌లో వెతకండి. కాని మంచిది దొరకడం అదృష్టం, నాకు దొరికింది రెండోసారి పోతేనే.

ఆర్సీ పుస్తకం

కాగితాల సంగతి ఎవరూ అనలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ వాళ్లు తయారుచేసినప్పుడు ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. మీది 1991 బండి అంటే 15 ఏళ్లు దాటాక ప్రతి అయిదేళ్లకూ ఆర్సీ రెన్యూవల్‌కు తీసుకుపోవాలి. అక్కడ ఇంజిన్ నంబరు చూస్తారు. ఆర్టీఏ ఆఫీసులో ముందే రాతపూర్వకంగా అడగకుండా ఇంజిన్ కొనకండి. ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పని మార్పు ఉంటే, యాక్సిడెంట్ అయిన రోజు వాళ్ల మాట ఎట్లుంటుందో ఊహించుకోండి.

ఇంకోటి. 2021లో వచ్చిన వింటేజ్ రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి వీఏ అక్షరాలతో వేరే రిజిస్ట్రేషన్ ఇస్తారు. ఇంజిన్, ఛాసిస్, బాడీ అసలువే ఉండాలి. మీ బండికి 2041లో ఆ వయసు వస్తుంది. అప్పటికి మీ మేనల్లుడు బుద్ధిమంతుడై ఉంటాడు.

కాజీపేట షెడ్డు

లేత్ అన్నా, ఆదివారం చూశా. ఆయిల్ పోసి కొలిస్తే 75 కాస్తా 78. హెడ్డు (ఇంజిన్ పై భాగం) విప్పితే మూడో ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలి, పావలా నాణేన్ని ఎలుక కొరికినట్టుంది. అల్యూమినియం హెడ్డు కదా, స్కేలు పెట్టి చూస్తే వంగింది కూడా. రేడియేటర్ పై ట్యాంకు విప్పించా, లోపల గొట్టాలు సగం మూసుకుపోయాయి. బాపు జీవితమంతా మా బోరు నీళ్లే పోసేవాడు, ఆ ఉప్పంతా అక్కడే ఉంది. థర్మోస్టాట్ ఎవరో ఎప్పుడో పీకేశారు.

స్టీరింగ్ కూడా మీరు చెప్పినట్టే, బ్రేకు తొక్కినా ఊగుతూనే ఉంది. కింగ్ పిన్ సెట్టుకు రాణిగంజ్‌లో చెప్పించా. మాస్టర్ సిలిండర్ సింగిలే, డబుల్ వేయిస్తున్నా. ముందు డిస్కుల సంగతి తర్వాత. జిప్సీ ఆయనకు ఫోన్ చేసి వద్దని చెప్పా, అడ్వాన్స్ 5 వేలు తిరిగి ఇవ్వనంటున్నాడు.

ఒక్క సందేహం. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలుకు పాత రబ్బరు పైపులు తట్టుకుంటాయా?

లేత్ కరీంనగర్

తట్టుకోవు. మెత్తబడి లోపల ఊడతాయి, ఆ ముక్కలు కార్బురేటర్ జెట్‌లో ఇరుక్కుంటాయి. ట్యాంకు నుంచి పంపు దాకా, పంపు నుంచి కార్బురేటర్ దాకా ఇథనాల్‌కు పనికొచ్చే హోస్ వెయ్యి. పంపు డయాఫ్రమ్ కూడా మార్చు. హెడ్డు ప్లెయినింగ్ (వంగిన చోట చెక్కి చదును చేయడం) చేయించేటప్పుడు ఎంత తీశారో అడిగి రాసుకో, ఎక్కువ తీస్తే కంప్రెషన్ పెరిగి ఎండల్లో మళ్లీ వేడెక్కుతుంది.

5 వేలు పోతే పోనీ. బండి తయారయ్యాక అమ్మను తీసుకుని కరీంనగర్ రా, బ్రేకులు నేను తొక్కి చూస్తా.