పాపకు ఇసబెల్ అని పెడితే యెజెబెలు పేరు పెట్టినట్టా?

ప్రశ్న (చిత్తూరు అమ్మ):
మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. పాపకు మూడో నెల, వచ్చే ఆదివారం చర్చిలో ప్రతిష్ఠ. స్పెయిన్‌లో చదువుకుంటున్న మా మరిది ఇసబెల్ అనే పేరు చెప్పాడు. నాకూ మా ఆయనకూ బాగా నచ్చింది. అత్తమ్మ మాత్రం వినగానే కంచం పక్కకు జరిపేసింది. "ఆహాబు పెళ్లాం పేరు నా మనవరాలికా?" అంటోంది. ఆహాబు రాజు భార్య యెజెబెలు, బైబిల్లో దుర్మార్గురాలైన రాణి కదా. రోజూ బైబిలు చదివే మనిషి, ఊరికే అనదు. నిజంగా రెండూ ఒకటేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (తిరుపతి, స్పానిష్ నేర్పిస్తాను):
కాదమ్మా, దిగులు పడకండి. ఇసబెల్ అంటే మన బైబిల్లోని ఎలీసబెతు, బాప్తిస్మమిచ్చు యోహాను తల్లి. హీబ్రూలో ఎలీషెబ. నిర్గమకాండం 6:23లో అహరోను భార్య పేరూ అదే. "ఎలీ" అంటే నా దేవుడు, "షెబ" అంటే ప్రమాణం. అబ్రాహాము, అబీమెలెకు ప్రమాణం చేసుకున్న బెయేర్షెబా బావి పేరులో ఉన్నదీ ఈ షెబే.

స్పానిష్‌లో మాట చివర "త్" నిలవదు, "ల్" నిలుస్తుంది. ముందున్న "ఎల్"ను, పుంలింగ పదాల ముందు వాళ్లు వాడే "ఎల్" అనుకుని వదిలేశారని చెబుతారు. అలా ఇసబెల్ మిగిలింది. 1336లో చనిపోయిన ఒక పోర్చుగల్ రాణిని స్పెయిన్ వాళ్లు సాంతా ఇసబెల్ అంటారు, ఇంగ్లీషు వాళ్లు ఆవిడనే సెయింట్ ఎలిజబెత్ అంటారు. 1492లో కొలంబస్‌ను పంపిన రాణీ ఇసబెలే. యెజెబెలుకు స్పానిష్‌లో వేరే పేరుంది, పలికేటప్పుడు అది "హ"తో మొదలవుతుంది.

జవాబు (చంద్రగిరి అక్క):
మీ అత్తమ్మ చెవిది తప్పు కాదు. ఇంగ్లీషులో ఈ పేరును "ఇజబెల్" అంటారు, ఆ "జ" వింటే ఎవరికైనా యెజెబెలే గుర్తొస్తుంది. స్పానిష్‌లో ఉన్నది "స". మీరూ ఇంట్లో, చర్చిలో "స" స్పష్టంగా పలకండి. సర్టిఫికెట్‌లో కూడా తెలుగులో ఇసబెల్ అనే రాయించండి. పెద్దామెతో వాదించొద్దు, లూకా మొదటి అధ్యాయం తీసి ఆమె చేతికివ్వండి.

చిత్తూరు అమ్మ:
ఇద్దరికీ వందనాలు. నిన్న రాత్రి ఆ అధ్యాయం అత్తమ్మ చేతే చదివించాను. మరియ వందనం వినగానే ఎలీసబెతు కడుపులో శిశువు గంతులు వేసిన చోట ఆగి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ప్రతిష్ఠకు ఇసబెల్ ఖాయం. తను మాత్రం పొద్దున్నుంచే "ఎలీసబెతమ్మా" అని పిలుస్తోంది.