'యుద్ధం-శాంతి' 140వ పేజీ దగ్గర ఆగిపోయింది, ముందుకెళ్లడం ఎలా?

గుంటూరు_పాసింజర్:
టాల్‌స్టాయ్ 'యుద్ధం-శాంతి' ఇంగ్లీషులో చదువుతున్నాను. గుటెన్‌బర్గ్ అనే ఉచిత పుస్తకాల సైటు నుంచి ఫోన్లోకి దించుకున్న మాడ్ దంపతుల అనువాదం. గుంటూరు నుంచి బెజవాడకి బస్సులో పోనూ రానూ కలిపి గంటన్నర దొరుకుతుంది, ఆ టైమే దీనికి. పేర్లు గుర్తుండట్లేదు. ఒకే మనిషిని నాలుగు పేర్లతో పిలుస్తున్నారు. యుద్ధం అధ్యాయాలు వదిలేసి ఇళ్లలో జరిగే కథ ఒక్కటీ చదివితే నష్టమా? సంక్షిప్త ప్రతితో సరిపెట్టుకోవచ్చా? పన్నెండు వందల పేజీలు తిప్పినవాళ్లకి సినిమా చూస్తే రానిది ఏం దక్కుతుందో కూడా చెప్పండి. "గొప్ప నవల" అన్న మాట వద్దు, అది అట్ట మీదే ఉంది.

లెనిన్‌సెంటర్_పాతపుస్తకం:
ముందు పేర్ల సంగతి. అర్జునుణ్ణి పార్థుడన్నా, కౌంతేయుడన్నా, ధనంజయుడన్నా మనం తడబడం. ఇదీ అంతే, కాకపోతే కౌంతేయుడిలో తల్లి పేరు, ఇక్కడ తండ్రి పేరు. సొంత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, ఆ వరసలో ఉంటాయి. తండ్రి పేరుకి కొడుకైతే 'ఒవిచ్' లేదా 'యెవిచ్', కూతురైతే 'ఒవ్‌నా' లేదా 'యెవ్‌నా' తగిలిస్తారు. పియెర్ అసలు పేరు ప్యోత్ర్ కిరిలొవిచ్ బెజూహొవ్, అంటే కిరిల్ కొడుకు. ఆడవాళ్ల ఇంటిపేరు చివర 'ఆ' చేరుతుంది: అన్న బల్కోన్‌స్కీ, చెల్లెలు బల్కోన్‌స్కయా. గౌరవంగా పిలవాలంటే సొంత పేరుకి తండ్రి పేరు కలుపుతారు. ఇంట్లో ముద్దుపేరు: నతాల్యా నతాషా, నికొలాయ్ నికోలెంకా.

తాత పేరు మనవడికి పెట్టడం వాళ్లలోనూ ఉంది. ముసలి బల్కోన్‌స్కీ నికొలాయ్ అంద్రేయెవిచ్, కొడుకు అంద్రేయ్ నికొలాయెవిచ్, మనవడు మళ్లీ నికొలాయ్ అంద్రేయెవిచ్. పైగా రస్తోవుల అబ్బాయీ నికొలాయే. అందుకని పేరుని కాదు, ఇంటిని పట్టుకోండి. ఐదు ఇళ్లు: బెజూహొవ్, బల్కోన్‌స్కీ, రస్తోవ్, కురాగిన్, ద్రుబెత్‌స్కోయ్. ఒక్కో ఇంటికి అర పేజీ కేటాయించి, మనిషి రెండోసారి కనబడ్డాకే పేరు రాసుకోండి. మొదటి విందులో పరిచయమైన వాళ్లందర్నీ రాస్తూ కూర్చుంటే అక్కడే అలుపొస్తుంది. ఆ విందులో ఒక ముసలి పిన్నిగారుంటుంది, వచ్చినవాళ్లంతా వరసగా వెళ్లి ఆవిడకి మర్యాద చేసి రావాలి. ఆవిడతో ఎవరికీ పనిలేదు, మీకూ లేదు.

నెట్‌లో దొరికే పాత్రల పట్టిక మాత్రం తెరవకండి. ఎవరు ఎవర్ని పెళ్లాడారో, ఎవరు పోయారో పేరు పక్కనే రాసేస్తారు. ముందుమాట కూడా ఆఖర్నే.

బెంజిసర్కిల్_చదువరి:
మీ ప్రతిలో ఇంకో చిక్కుంది. మాడ్ దంపతులు పేర్లని ఇంగ్లీషు చేసేశారు. అంద్రేయ్ 'ఆండ్రూ' అయ్యాడు, మార్యా 'మేరీ', నికొలాయ్ 'నికొలస్'. వేరే ప్రతి తెరిస్తే కొత్తవాళ్లు వచ్చారనిపిస్తుంది, కాబట్టి మధ్యలో అనువాదం మార్చొద్దు.

రష్యన్‌లో ఇది 4 సంపుటాలు, వాటిలో 15 భాగాలు, పైన రెండు భాగాల ఉపసంహారం. గుటెన్‌బర్గ్ ప్రతిలో సంపుటాలుండవు, 15 'బుక్స్' అని నేరుగా లెక్కేస్తారు. ఎవరైనా "రెండో సంపుటం, మూడో భాగం" అంటే మీకది ఆరో బుక్. అధ్యాయాలు మామూలుగా 361, మీ ప్రతిలో రెండు చోట్ల విడగొట్టడంతో నాలుగు ఎక్కువ. ఒక్కోటి మూడు నాలుగు పేజీలే. రోజుకి నాలుగు చదివితే మూడు నెలలు. పేజీల లెక్క పెట్టుకోకండి, అధ్యాయం మధ్యలో ఆపకండి. టాల్‌స్టాయ్ అధ్యాయం అంటే ఒక గది, ఒక సంఘటన. సగంలో ఆపితే మర్నాడు బస్సెక్కాక గదిలో ఎవరెవరున్నారో మళ్లీ వెతుక్కోవాలి.

కొనాలనుకుంటే పివియర్, వొలహోన్‌స్కీల అనువాదం (2007) చూడండి. ఫ్రెంచి మాటల్ని ఫ్రెంచిలోనే ఉంచి అడుగున అర్థమిచ్చారు. చదువు కాస్త నెమ్మదిస్తుంది, నిజమే. కానీ నవలలో మొదటి వాక్యమే ఫ్రెంచి. ఆ జమీందార్లకి ఫ్రెంచి మన ఇంగ్లీషు లాంటిది. 1812లో నెపోలియన్ మీదికొచ్చాక మాస్కోలో జూలీ అనే ఆవిడ బృందంలో ఫ్రెంచి మాట్లాడితే జరిమానా వేస్తారు. నోట్లోంచి ఫ్రెంచే వస్తుంది, నాలుక్కరుచుకుని డబ్బు కడతారు. మన ఇంగ్లీషు మీడియం బళ్లలో తెలుగు మాట్లాడితే వేసే ఫైను తిరగేస్తే ఇదే. అంతా ఇంగ్లీషులోకి దించేసిన ప్రతిలో ఈ ఘట్టం సగం చప్పగా ఉంటుంది.

బెజవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల్లో కొంటే ముందు సంపుటం నంబరు చూడండి. సెట్టులో ఒకటో రెండో తగ్గిపోయినవే ఎక్కువ. తెలుగులో ఏది దొరికినా పూర్తి అనువాదమా, సంక్షిప్తమా అన్నది లోపలి పేజీలో చూసి తీసుకోండి. అట్ట చెప్పదు.

ఏటిఅగ్రహారం:
ఏం దక్కుతుందన్నారుగా, ఒక్క చోటు చూపిస్తాను. కథ కొద్దిగా బయటపడుతుంది, వద్దనుకుంటే ఈ పేరా దాటేయండి.

ఆరో బుక్, మొదటి మూడు అధ్యాయాలు. 1809 వసంతం. అంద్రేయ్ పని మీద బండిలో వెళ్తుంటే దారి పక్కన బర్చ్ చెట్లన్నీ చిగురించి ఉంటాయి. మధ్యలో ఒక ముసలి ఓక్ మాత్రం బెరడు చిట్లి, కొమ్మలు విరిగి, 'వసంతమట, ప్రేమట, అంతా మోసం' అన్నట్టు నిలబడి ఉంటుంది. దాని మాటే నిజమనుకుంటాడు, వయసు చూస్తే 31. తర్వాత మే మధ్యలో ఒక రాత్రి, దిగిన ఇంట్లో కిటికీ దగ్గర నిలబడతాడు. పైగదిలో ఒక అమ్మాయి వెన్నెల చూసి నిద్రపోనని మారాం చేయడం వినిపిస్తుంది. అంతే. అమ్మాయికి ఇతను విన్నట్టే తెలియదు. జూన్‌లో తిరిగొస్తూ ఆ ఓక్ కోసం చూస్తాడు, ఆనవాలు పట్టలేడు. దట్టంగా ఆకులేసి ఉంది. 31కే బతుకు అయిపోలేదనుకుంటాడు. 'ప్రేమలో పడ్డాడు' అని టాల్‌స్టాయ్ ఒక్క మాట అనడు.

సినిమాలో అయితే ఒక చెట్టు, తర్వాత పచ్చని చెట్టు. పుస్తకంలో దానికి ముందు మూడేళ్లకు పైగా జరిగినవి, ముఖ్యంగా అతనికి తగిలిన రెండు దెబ్బలు (ఏవో చెప్పను), మీతోపాటే వచ్చి ఉంటాయి. అవన్నీ మోసుకుని వచ్చిన పాఠకుడికే ఆ చెట్టు మాట్లాడుతుంది. సంక్షిప్త ప్రతి చెట్టుని ఉంచుతుంది, వెనక నాలుగు వందల పేజీల్ని తీసేస్తుంది. అందుకే వద్దంటాను.

ఇంకొకటి తెలుగువాడికి ప్రత్యేకంగా దక్కేది. రష్యన్‌లో మనలాగే మీరు, నువ్వు ఉన్నాయి: 'వీ', 'తీ'. రస్తోవుల నికొలాయ్ సైన్యం నుంచి ఇంటికొచ్చినప్పుడు, తను ఇష్టపడే సోన్యాని 'మీరు' అంటాడు, కళ్లు మాత్రం ఒకదాన్నొకటి 'నువ్వు' అనుకుంటాయి. మాడ్ దంపతులు దానికోసం 'దౌ' (thou) అనే పాత ఇంగ్లీషు మాట తేవాల్సొచ్చింది. మనకి వివరణ అక్కర్లేదు.

గుంటూరు_పాసింజర్:
పేరా దాటేయలేదు, చదివేశాను. మరి యుద్ధం సంగతి?

లెనిన్‌సెంటర్_పాతపుస్తకం:
వదలొద్దు. మ్యాపుతో కుస్తీ కూడా వద్దు. ఏ దళం ఏ వైపు వెళ్లిందో తెలియకపోవడమే అక్కడి విషయం, సేనాపతులకీ తెలియదు. నెపోలియన్‌తో జరిగిన బరదీనో యుద్ధాన్ని టాల్‌స్టాయ్ చాలావరకు పియెర్ కళ్లతో చూపిస్తాడు. తెల్ల టోపీ, ఆకుపచ్చ కోటు వేసుకుని, సైనికుడు కూడా కాకుండా ఫిరంగుల మధ్య తిరుగుతుంటాడు. పట్టుకోవాల్సింది వ్యూహం కాదు, అతన్ని.

తేదీలు చూసి గాభరా పడకండి. రష్యా అప్పుడు పాత క్యాలెండర్‌లో ఉంది, 12 రోజులు వెనక. బరదీనో వాళ్లకి ఆగస్టు 26, చరిత్ర పుస్తకాల్లో సెప్టెంబరు 7.

వాయిదా వేయదగ్గది ఒకటే: ఉపసంహారం రెండో భాగం, 12 అధ్యాయాలు. పాత్రలుండవు, చరిత్రని నడిపేదేమిటన్న చర్చ. కథ దానికి ముందే అయిపోతుంది.

మంగళగిరి_కొండ:
నేను కొంచెం అడ్డం పడతాను. మొదటి రష్యన్ నవలగా దీన్నే ఎందుకు ఎత్తుకోవాలి? టాల్‌స్టాయ్‌దే 'అన్నా కరేనినా' 8 భాగాలు, 239 అధ్యాయాలు, మనుషులు తక్కువ. మూడో భాగం 4, 5 అధ్యాయాల్లో లేవిన్ అనే జమీందారు రైతులతో గడ్డి కోతకి దిగుతాడు. మన వంగి కోసే కొడవలి కాదు, నిలబడి రెండు చేతులా విసిరేది. మొదట చేతి బలంతో లాగుతాడు, వంకరటింకరగా తెగుతుంది. కోస్తున్నానన్న స్పృహ పోయినప్పుడే వరస తిన్నగా వస్తుంది. డెల్టాలో కోతలు చూసినవాళ్లకి ఆ రెండు అధ్యాయాలు చాలు.

దస్తయేవ్‌స్కీ 'కరమజోవ్ సోదరులు' మాత్రం ఇప్పుడు పెట్టుకోకండి. అందులో ఆరో పుస్తకం, జొసీమా స్వామి బోధల దగ్గర చాలామంది ఆగిపోతారు. అది దాటితే హత్య, విచారణ వాటంతటవే లాక్కెళ్తాయి.

బెంజిసర్కిల్_చదువరి:
140 పేజీలు అయ్యాక వెనక్కెందుకు, కొండగారూ? పాసింజర్‌గారూ, మొదటి బుక్‌లో ముసలి బెజూహొవ్ చావుబతుకుల్లో ఉండగా వీలునామా ఉన్న సంచీ కోసం ఇద్దరు ఆడవాళ్లు చెరో వైపూ పట్టుకు లాగే చోటు దాటారా?

గుంటూరు_పాసింజర్:
దాటాను. అచ్చం మన ఆస్తి తగాదాలాగే ఉంది.

బెంజిసర్కిల్_చదువరి:
అయితే ఐదిళ్లలో నాలుగు మీకు తెలిసిపోయినట్టే. ఎనిమిదో బుక్ ఆఖర్న ఒక తోకచుక్క వస్తుంది. మామూలు లెక్కలో 163వ అధ్యాయం. అక్కడికి చేరాక ఇక్కడే రాయండి, అప్పటిదాకా అనువాదం మార్చకండి.